బట్ట చూసే చెయ్యి

ఆసుపత్రిలో అందరూ ఆమెను మార్కుల మేడమ్ అనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఆమె చేసే పని అదే మరి. మందులు వాడుతున్నవాళ్ళ వీడియోలు చూసి, చేతులు ఎంత వణుకుతున్నాయో, ఒళ్ళు ఎంత బిగుసుకుందో, సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వెయ్యాలి. సున్నా అయితే హాయి. నాలుగు అయితే కొంప మునిగినట్టే. చిన్నప్పుడు మార్కులు తక్కువ వచ్చాయని ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చిన పిల్ల, ఇప్పుడు ఎవరికైనా మార్కులు ఎక్కువ వెయ్యాల్సి వస్తే ఆ పూటంతా అన్నం సయించక తిరిగేది.

ఆ పని జరిగే గది నరాల విభాగంలో వరండా చివర ఉండేది. కిటికీలకు దళసరి తెరలు. రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఒకరి కంప్యూటరు తెర ఒకరికి కనపడకుండా మధ్యలో ఒక చెక్క అడ్డు. మొదటి కుర్చీ మేడమ్‌ది. రెండో కుర్చీలో కూర్చునే డాక్టరమ్మను అందరూ రెండో కుర్చీ అనే పిలిచేవాళ్ళు. ఆవిడ కూడా ఏమనుకునేది కాదు, ఫోన్ ఎత్తి "రెండో కుర్చీ మాట్లాడుతున్నా" అనేది నవ్వుతూ. ఒకే వీడియో ఇద్దరూ విడివిడిగా చూడాలి. మార్కులు కలిస్తే సరి. కలవకపోతే ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని మళ్ళీ చూసి, వాదించుకుని, ఒక అంకెకు రావాలి.

ఎవరో తెలియకుండా చూడటమే ఈ పనిలోని కిటుకు. తెర మీద మనిషి ఉంటాడు, మొహం ఉన్నచోట బూడిదరంగు మచ్చ ఉంటుంది. గొంతు వినపడకుండా చేస్తారు. మాత్ర ఎంత మోతాదులో వేసుకుంటున్నాడో, ఏ ఆసుపత్రి నుంచి వచ్చాడో ఏమీ చెప్పరు. తెలిసిన మనిషేమోనని అనుమానం వస్తే చాలు, కుర్చీలోంచి లేచి పెద్ద డాక్టరుకి చెప్పెయ్యాలి. ఆ వీడియో ఇంకెవరో చూస్తారు. ఈ నియమాన్ని కొత్తవాళ్ళకు నూరిపోసేది మేడమే. ఒకసారి ఒకమ్మాయి "ఈ మోకాళ్ళు అచ్చం మా బాబాయివిలా ఉన్నాయండీ" అని పైకి అనేసింది. మేడమ్ ఆ పిల్లను తక్షణం బయటికి పంపించింది. తీరా చూస్తే బాబాయి కాదు, ఎవరో ముసలాయన. అయినా సరే, పంపించడమే న్యాయమని మేడమ్ పట్టిన పట్టు విడవలేదు.

ఆ ఏడాది వాళ్ళ ముందున్నది ఒక మాత్ర సంగతి. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడేవాళ్ళకీ, అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారని నిద్రపట్టనివాళ్ళకీ ఇచ్చే మాత్ర అది. మంచి మాత్రే. మంచం దిగనివాళ్ళు దాన్ని వేసుకుని మళ్ళీ పనుల్లోకి వెళ్ళారు. కానీ అక్కడొకరూ ఇక్కడొకరూ ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, జ్వరంతో కాలిపోయి, తెలివి తప్పి పడిపోయారు. వాళ్ళలో కొందరు మళ్ళీ లేవలేదు. అది మాత్ర చేసిన పనా, జబ్బు చేసిన పనా? తేల్చడానికి కొన్ని ఆసుపత్రులు కలిసి ఈ పరిశోధన మొదలుపెట్టాయి. వీడియోల వల్ల ఇంకో ప్రయోజనం కూడా ఉంది. చేతి వణుకుకి రెండు మార్కులు పడ్డాయంటే ఆ మనిషిని వెంటనే పిలిచి పరీక్ష చేస్తారు, మాత్ర ఆపేస్తారు. సున్నా పడిందంటే మోతాదు ఇంకాస్త పెంచుతారు.

ఆ రోజు మధ్యాహ్నం తెర మీదికి ఒక మగమనిషి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నాడని తెర కింద రాసి ఉంది. మేడమ్ అలవాటు ప్రకారం ముందు ఎడమచెయ్యి చూసింది. మణికట్టు మీద ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో ఒక పాత మచ్చ కనిపించింది.

ఆ మచ్చ ఎలా వచ్చిందో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అమ్మ తెల్లవారకముందే పనికి వెళ్ళిపోయేది. చెల్లెలి స్కూలు బట్టలు ఇస్త్రీ చేసే పని అన్నయ్యది. "త్వరగా, త్వరగా, గంట కొట్టేస్తారు" అంటూ ఆమె చొక్కా పట్టుకుని గుంజితే, కుడిచేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె జారి ఎడమ మణికట్టును తాకింది. అన్నయ్య అరవలేదు. చొక్కా ఇచ్చి, స్కూలుకి పంపించి, అప్పుడు వెళ్ళి చెయ్యి నీళ్ళలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన టైలరు అయ్యాడు. కోట్లు కత్తిరించడంలో ఆయనకు సాటి లేదని ఆ వీధి వీధంతా చెప్పుకునేది.

అన్నయ్య ఈ మాత్ర వేసుకుంటున్నాడా? చెవిలో మాటలు వినపడుతున్నాయా? ఎప్పటినుంచి? ప్రతి ఆదివారం వెళ్ళి ఎదురుగా కూర్చుంటున్నానే, ఒక్క ముక్క చెప్పలేదే! చెల్లెలు పనిచేసే చోటు కాదని ఊరికి ఆ చివర ఉన్న ఆసుపత్రికి వెళ్ళి ఉంటాడు. పాపం, ఆ వీడియోలు తిరిగి తిరిగి చెల్లెలి బల్ల మీదికే వస్తాయని ఆయనకేం తెలుసు?

లేవాలి. లేచి చెప్పాలి. చెబితే ఏమవుతుంది? "ఎవరు మేడమ్?" అంటాడు పెద్ద డాక్టరు. "మా అన్నయ్యండీ" అనాలి. టీ తాగేలోపు విభాగమంతా పాకుతుంది. ఇంతకాలం ఆయన దాచుకున్నదాన్ని తన నోటితో నలుగురిలో పెట్టాలి. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది, కానీ లేవలేదు.

తెర మీద ఆయన బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా రాసుకుంటోంది. చూడగానే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. అన్నయ్య బట్ట చూస్తున్నాడు! ఎక్కడికి వెళ్ళినా అంతే కదా ఆయన. బట్ట దొరికితే చాలు, రెండు వేళ్ళ మధ్య నలిపి నాణ్యం చెప్పేస్తాడు. పెళ్ళిచూపుల్లో వదిన వాళ్ళింటి తలుపు తెర నలిపి "నాసిరకం" అన్న ఘనుడు. ఇంతమంది డాక్టర్ల మధ్య, చేతిలో బట్ట లేకపోయినా వేళ్ళు ఊరుకోవడం లేదన్నమాట. మేడమ్ సున్నా వేసింది.

రెండో కుర్చీ రెండు వేసింది.

ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చున్నారు.

"ఇది వణుకే మేడమ్. మాత్రను వేళ్ళ మధ్య దొర్లిస్తున్నట్టు లేదూ? పుస్తకంలో ఉన్నట్టే ఉంది" అంది రెండో కుర్చీ.

"అలవాటమ్మా. టైలర్లకి ఉంటుంది. బట్ట నలిపి చూస్తారు."

"టైలరని మీకెలా తెలుసు?"

మేడమ్ నాలుక కరుచుకుంది. కానీ ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా? "చూపుడువేలి చివర చూడు. సూది పొడిచి పొడిచి ఎలా గరుకెక్కిందో! బొటనవేలి మీద కత్తెర పట్టి కాసిన కాయ" అని వీడియో ఆపి మరీ చూపించింది.

రెండో కుర్చీ ముందుకు వంగి చూసింది. నిజమే, కాయ ఉంది. "లెక్కపెడుతున్నప్పుడు ఎక్కువవుతోంది కదండీ" అని ఇంకోమాటు నసిగింది.

"కంగారులో అలవాట్లు ఎక్కువ కావూ? నువ్వు పెన్ను కొరకవూ?"

రెండో కుర్చీ నోట్లోంచి పెన్ను తీసేసి సిగ్గుపడింది. "మీరంత గట్టిగా చెబుతుంటే సరే మేడమ్" అంది. సున్నా ఖాయమైంది. అక్కడ గెలిచింది చదువా, అనుభవమా, లేక చెల్లెలా అని ఆ గదిలో అడిగేవాళ్ళెవరూ లేరు.

ఆదివారం మేడమ్ అన్నయ్య ఇంటికి వెళ్ళింది. ఏమీ తెలియనట్టు ఉండాలని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది. ఆయన చెప్పుకునేదాకా అడగకూడదు. ఆయన మీద కళ్ళు పెట్టకూడదు. పెడితే కనిపెట్టేస్తాడు, చిన్నబుచ్చుకుంటాడు. వారమంతా ఊరివాళ్ళ చేతులు చూసి బతికే మనిషి, ఆ పూట అన్నయ్య చేతులు తప్ప ఆ ఇంట్లో ఉన్నవన్నీ చూసింది. గోడ గడియారం, మూలన కుట్టు మిషను, దాని మీద కప్పిన గుడ్డ, సగం కుట్టి ఆపేసిన కోటు ఒకటి. అన్నయ్య మాట తగ్గించాడు. నవ్వాల్సిన చోట మొహం కదల్లేదు. టీ కప్పు అందుకోబోయి ఒలకబోశాడు.

"ఏంటన్నయ్యా, కొలత తప్పింది?" అని ఆమె వేళాకోళమాడింది.

ఆయన తలెత్తి చూశాడు. వదిన గుడ్డ తెచ్చి తుడుస్తూ, ఆడపడుచు మొహంలోకి ఒకసారి చూసి, తల దించుకుంది. ఇద్దరి దగ్గరా ఒకే రహస్యం ఉంది. ఇద్దరూ ఆయన పరువు కోసమే నోరు కట్టుకుని కూర్చున్నారు. ఆ పూట ఎవరో ఒకరు నోరు జారినా బాగుండేదని మేడమ్ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో!

వదిన ఫోన్ ఆ వారంలోనే వచ్చింది. మేడమ్ అప్పుడే డబ్బా విప్పి అన్నం తినబోతోంది.

"మీ అన్నయ్య మంచం మీంచి లేవట్లేదు. ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే పలకట్లేదు. కాళ్ళు వంచుదామంటే వంగట్లేదమ్మా!"

"వెంటనే మా ఆసుపత్రికి తీసుకురా వదినా. ఇంకెక్కడికీ వద్దు." ఫోన్ పెట్టేసి చూస్తే, డబ్బా మూత ఎక్కడ పెట్టిందో ఆమెకు కనపడలేదు.

అత్యవసర విభాగంలో బల్ల మీద అన్నయ్యను పడుకోబెట్టారు. దవడ బిగుసుకుంది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, అవి ఎవరినీ చూడటం లేదు. డ్యూటీ డాక్టరు వదిన వైపు తిరిగాడు.

"ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

వదిన నోరు తెరిచేలోపే మేడమ్ ఆ మాత్ర పేరు చెప్పేసింది. మోతాదు ఈమధ్యే పెంచి ఉంటారని కూడా చెప్పింది. "వెంటనే ఆపెయ్యండి, ఒళ్ళు చల్లబరచండి, సెలైన్ పెట్టండి" అంది. డాక్టరు తలూపి పనిలో పడ్డాడు. ఆ క్షణంలో ఆ మాట అన్నయ్య ప్రాణం నిలబెట్టిందని తర్వాత అందరూ అన్నారు. వదిన మాత్రం కదలకుండా నిలబడిపోయింది.

"నీకు తెలుసా?" అంది.

మేడమ్ బల్ల మీదున్న అన్నయ్య వైపు తిరిగింది.

"నీకు చెప్పొద్దని మీ అన్నయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు. చెల్లెలి దగ్గర చులకనైపోతానన్నారు. నేను నోరు నొక్కుకుని ఏడుస్తూ కూర్చున్నాను. నీకు తెలిసి కూడా ఊరుకున్నావా?"

ఏం చెప్పాలి? ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? తెలిసి ఊరుకోలేదు వదినా, అంతకంటే పెద్ద పనే చేశాను అని చెప్పాలా? ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. వదిన ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేసింది. ఏదైనా కావాలంటే నర్సుతో చెప్పించేది.

అన్నయ్యను ఐసీయూలోకి మార్చాక మేడమ్ పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. రెండో కుర్చీని కూడా పిలిపించమంది. జరిగిందంతా నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

పెద్ద డాక్టరు మంచివాడే గానీ ముక్కుమీద కోపం. ఆ రోజు కోప్పడలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆయన కంప్యూటర్లో ఆ వీడియో తీసి తెర ఆమె వైపు తిప్పాడు.

"బట్ట చూసే అలవాటన్నారు. ఏ చేత్తో చూస్తారు మీ అన్నయ్య?"

"ఎడమ చేత్తోనండీ. కుడిచేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది కదా. కత్తెర కింద పెట్టడాయన" అంది మేడమ్ వెంటనే. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే.

పెద్ద డాక్టరు తెర మీద వేలు పెట్టాడు.

మచ్చ ఉన్న ఎడమచెయ్యి ఒళ్ళో కదలకుండా పడుంది. ఆడుతున్నవి కుడిచేతి వేళ్ళు. కత్తెర పట్టే చెయ్యి. ఏనాడూ బట్ట నలిపి ఎరగని చెయ్యి. లెక్క సాగేకొద్దీ ఇంకా ఇంకా ఆడుతోంది, రెండో కుర్చీ చెప్పినట్టే.

మేడమ్ కళ్ళు ఆ తెరను విడిచి రాలేదు. కుడీ ఎడమా విడదీసి చెప్పడమే తన ఉద్యోగం. ఆ రోజు మచ్చను చూసింది, మనసులో అన్నయ్యను చూసుకుంది, ఇక తెర మీద ఉన్న మనిషిని చూడనే లేదు. ఎవరో తెలియని టైలరు అయ్యుంటే రెండు వేసేది. సొంత అన్నయ్య కాబట్టి సున్నా వేసింది.

"ఆ రెండు నాది మేడమ్," అంది రెండో కుర్చీ మెల్లగా. "నేనెందుకు వదిలేశానో!" కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది, తుడుస్తూనే ఉంది.

నియమం ప్రకారం మేడమ్ ఆ పరిశోధనలో వేసిన మార్కులన్నీ పక్కన పెట్టేశారు. ఆ వీడియోలన్నీ వేరేవాళ్ళు మళ్ళీ మొదటినుంచీ చూడాలి. అప్పటిదాకా ఎవరికీ మోతాదు పెంచొద్దని పెద్ద డాక్టరు అన్ని ఆసుపత్రులకూ కబురు పెట్టాడు. మాత్రకీ ఆ ప్రమాదానికీ ఉన్న లంకె తేలడం ఆ మేరకు వెనక్కిపోయింది. ఈలోపు ఈ పరిశోధనలో లేకుండా, బయట ఆ మాత్ర మింగుతున్నవాళ్ళు ఎంతమంది? వాళ్ళ చేతులు ఎవరు చూస్తున్నారు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా మేడమ్‌కి ముద్ద దిగేది కాదు. మొదటి కుర్చీలోకి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు, ఆమెకే మనసొప్పలేదు.

అన్నయ్య బతికాడు. జ్వరం దిగింది, తెలివి వచ్చింది, మాట ముద్దగానైనా వచ్చింది. వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. కుడిచెయ్యి మాత్రం ఇంకా బిగుసుకునే ఉంది. వేళ్ళు మెల్లమెల్లగా వదులవుతాయంటున్నారు గానీ, మళ్ళీ కత్తెర పట్టే సంగతి అడిగితే ఫిజియోథెరపీ ఆయన మాట మార్చేస్తున్నాడు.

ఒక సాయంత్రం మేడమ్ తెల్లకోటుతోనే వచ్చి మంచం పక్కన కూర్చుంది. వదిన వాళ్ళకు వీపు పెట్టి, ఉతికిన తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"అన్నయ్యా, నీ వీడియో నేను చూశాను."

"ఏ వీడియో?"

"ఆ ఆసుపత్రిలో తీశారు చూడు. అంకెలు వెనక్కి లెక్కపెట్టమని."

"మొహం కనపడదన్నారే."

"కనపడలేదు."

"మరి?"

"నీ చేతులు చూసి గుర్తుపట్టాను."

అన్నయ్య మొహంలో నవ్వు మొదలైంది. ఇంకా బిగువు వదలని మొహం కావడంతో అది పూర్తిగా రావడానికి చాలాసేపు పట్టింది. "మొహం లేకుండానే! విన్నావా, మా చెల్లెలు చేతులు చూసి గుర్తుపట్టేసిందట!" అన్నాడు పెళ్ళాంతో. వదిన వెనక్కి తిరగలేదు. తువ్వాలు పట్టుకున్న చేతులు మాత్రం ఆగిపోయాయి.

తిట్టినా భరించేది మేడమ్. ఆ నవ్వును భరించలేకపోయింది.

"నవ్వకన్నయ్యా. ముందు విను. నీ వేళ్ళు ఆడుతున్నాయి. నేను రెండు మార్కులు వేసుంటే అప్పుడే నీ మాత్ర ఆపేసేవాళ్ళు. ఇదంతా జరిగేది కాదు. పక్కనామె రెండే వేసింది. నేనే వాదించి సున్నా చేయించాను. బట్ట చూస్తున్నావనుకున్నాను."

నవ్వు వచ్చినంత మెల్లగానే పోయింది.

"ఏ చెయ్యి?" అన్నాడాయన.

"కుడి."

ఆయన తల వంచి, దుప్పటి మీద ముడుచుకుపోయి పడున్న తన కుడిచేతిని చూసుకున్నాడు.

"కుడిచేత్తో నేను బట్ట చూడను కదే."

"తెలుసన్నయ్యా" అంది ఆమె. చిన్నప్పుడు మార్కులు తక్కువ వచ్చిన రోజున ఏడ్చినట్టు, ఆ వయసులో, వార్డులో నలుగురూ చూస్తుండగా ఏడ్చింది. అన్నయ్య ఊరుకోమనలేదు. ఫరవాలేదనీ అనలేదు. ఏడవనిచ్చాడు.

తర్వాత మచ్చ ఉన్న ఎడమచెయ్యి చాచాడు. చెల్లెలి కోటు అంచు పట్టుకుని దగ్గరికి లాక్కుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, మెల్లగా, చాలాసేపు నలిపాడు.

"ఇదీ బట్ట చూసే చెయ్యి" అన్నాడు. "సరిగ్గా చూసుకో."